నువ్వు అడగకుండా వదిలేసిన ప్రశ్న

పాఠకురాలి ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. ఈ ఏడాది నన్ను క్లాస్ లీడర్‌గా ఎన్నుకున్నారు. పది రోజుల క్రితం మా సైన్సు ల్యాబ్‌లో ఒక మైక్రోస్కోపు పాడైంది. అందులో పెట్టిన స్లైడు నుజ్జయింది, లెన్సు మీద గీత పడింది. అది నా ప్రాణ స్నేహితురాలి చేతిలో జరిగింది. తను కావాలని చేయలేదు. భయపడి, గాజు ముక్కలు తీసేసి, మైక్రోస్కోపుకు కవరు తొడిగి, ఏమీ జరగనట్టు బయటికి వచ్చేసింది. నేను పక్కనే ఉన్నాను. మర్నాడు టీచర్ అడిగితే ఎవరూ లేవలేదు. చేసినవాళ్లు ముందుకు వచ్చే దాకా క్లాసులో ఎవరికీ ప్రాక్టికల్స్ ఉండవని, అందరికీ తలా ఐదు మార్కులు తగ్గిస్తానని టీచర్ చెప్పారు. వెనక బెంచీలో కూర్చునే ఒక కొత్త అబ్బాయే చేసి ఉంటాడని చాలామంది అనుకుంటున్నారు. నా స్నేహితురాలు ఎవరికీ చెప్పనని నాతో ఒట్టు వేయించుకుంది. మా బడి గుమ్మం పక్కన గోడ మీద ‘నిజాయితీ, గౌరవం, బాధ్యత, కరుణ’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. నిజాయితీగా ఉండబోతే కరుణ తప్పేలా ఉంది, కరుణ చూపబోతే నిజాయితీ తప్పేలా ఉంది. నా ప్రశ్నలు మూడు. పేరు చెప్పడం స్నేహద్రోహం కాదా? ఒకరు చేసిన తప్పుకు అందరినీ శిక్షించడం న్యాయమేనా? ఆ గోడ మీది మాటలు అసలు మావా, పెద్దవాళ్లవా? దయచేసి నా పేరు వేయవద్దు.

సమాధానం: నీ ఉత్తరంలో మూడు ప్రశ్నలు స్పష్టంగా ఉన్నాయి. ఎన్నిసార్లు చదివినా నా చూపు మాత్రం ప్రశ్న కాని ఒక వాక్యం దగ్గరే ఆగిపోతోంది. వెనక బెంచీలో కూర్చునే కొత్త అబ్బాయే చేసి ఉంటాడని చాలామంది అనుకుంటున్నారన్న సంగతిని ఒక్క వాక్యంలో చెప్పి దాటేశావు. ఆ అబ్బాయి ఏమన్నాడో రాయలేదు, అతన్ని ఎవరైనా అడిగారో లేదో రాయలేదు, ఇప్పుడు అతని పక్కన ఎవరు కూర్చుంటున్నారో రాయలేదు. స్నేహితురాలి భయం గురించి, ఐదు మార్కుల గురించి, గోడ మీది అక్షరాల గురించి అంత శ్రద్ధగా రాసిన నీకు ఇది తట్టకపోవడాన్ని పెద్ద నేరంగా చూడను. మనకు దగ్గరివాళ్ల కష్టం కనిపించినంత స్పష్టంగా దూరంగా ఉన్నవాళ్ల కష్టం కనిపించదు, అది అందరికీ ఉన్నదే. కానీ ఈ వ్యవహారం మొత్తంలో ఏ తప్పూ చేయకుండా అందరికన్నా ఎక్కువ నష్టపోతున్నది అతనే. మిగిలినవాళ్లకు పోయింది ఐదు మార్కులు. అతనికి మార్కులతో పాటు మంచి పేరు కూడా పోయింది, అదీ కొత్తగా చేరిన చోట, తన తరఫున ఒక్క మాట చెప్పే స్నేహితులు ఇంకా దొరకక ముందే. చేయని పనికి మోసే ఇలాంటి నిందను మన భాషలో నీలాపనింద అంటారు. దాన్ని మోసేవాడు గట్టిగా కాదంటే అంత ఉలుకెందుకంటారు, ఊరుకుంటే తేలు కుట్టిన దొంగలా ఉన్నాడంటారు. ఎటు తిరిగినా అతనికి దారి లేదు. దారి ఉన్నది నీ దగ్గర, నీ స్నేహితురాలి దగ్గర.

కాబట్టి నీ మొదటి ప్రశ్నను కాస్త సరిచేయవలసి ఉంది. ఈ పది రోజులూ నువ్వు ఎవరి పేరూ చెప్పలేదని అనుకుంటున్నావు. చెప్పగలిగిన మనిషి చెప్పకపోవడం వల్లే క్లాసు ఒక పేరు అనేసుకుంది, అది తప్పు పేరు. అంతకుముందు నీ మౌనం స్నేహితురాలిని కాపాడే మౌనంగానే ఉండి ఉండవచ్చు. ఆ అబ్బాయి మీద అనుమానం మొదలైన రోజు నుంచి అది మరొకరిని బలిపెట్టే మౌనం అయింది.

ఆ రోజు ల్యాబ్‌లో నువ్వు ఒక్కదానివే చూశావని నాకు అనిపించడం లేదు. పెద్ద లెన్సు కింద స్లైడు పెట్టి, దగ్గరకు జరపడానికి చిన్న మర బదులు పెద్ద మర తిప్పితే లెన్సు ఒక్కసారిగా కిందికి దిగి గాజును నొక్కేస్తుంది. ఆ చిటుక్కుమన్న చప్పుడు రెండు బల్లల అవతలికైనా వినిపిస్తుంది. విన్నవాళ్లు ఉంటారు, తల తిప్పి చూసినవాళ్లూ ఉంటారు. అయినా ఎవరూ ఎందుకు లేవలేదన్నదానికి దుర్మార్గం కారణం కానక్కర లేదు. 1968లో బిబ్ లాటానే, జాన్ డార్లీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ప్రచురించారు. ఒక గదిలో విద్యార్థిని కూర్చోబెట్టి, ఏదో ఫారం నింపుతుండగా గోడలోని సందు గుండా పొగ వదిలారు. ఒంటరిగా ఉన్నవాళ్లలో 75 శాతం మంది లేచి వెళ్లి ఆ సంగతి చెప్పారు. పక్కన మరో ఇద్దరు కూర్చుని, పొగను చూసి కూడా పట్టించుకోనట్టు నటించినప్పుడు, అలా లేచి వెళ్లినవాళ్లు 10 శాతమే. మిగిలినవాళ్లు దగ్గుతూ, కళ్లు నులుముకుంటూ, ఫారాలు నింపుతూ అక్కడే కూర్చున్నారు. పక్కవాళ్లు కదలడం లేదు కాబట్టి ఇది కదలవలసిన విషయం కాదేమోనని ప్రతి ఒక్కరూ అనుకుంటారు. మీ క్లాసులో జరిగింది కూడా ఇదేనని నా అనుమానం. చూసినవాళ్లందరూ క్లాస్ లీడర్ వైపు చూసి ఉంటారు. లీడర్ నోరు మెదపలేదు. ఆమెకే పట్టనిది మనకెందుకని వాళ్లూ ఊరుకున్నారు. నిన్ను ఎన్నుకోవడమంటే హాజరుపట్టీ మోసే పని నీకు అప్పగించడం మాత్రమే కాదని ఇలాంటప్పుడే తెలుస్తుంది.

ఇక స్నేహద్రోహం సంగతి. బడిలో చదువుకునే పిల్లలందరికీ చాడీలు చెప్పేవాళ్లంటే చిన్నచూపు ఉంటుంది, అది సరైనదే. అయితే చాడీ వేరు, సాక్ష్యం వేరు. చాడీ చెప్పేవాడికి కావలసింది ఎదుటివాడు చిక్కుల్లో పడటం, దానివల్ల తాను పెద్దల దగ్గర మంచివాడనిపించుకోవడం. అందుకే చాడీ ఎప్పుడూ వెనక నుంచి వెళుతుంది, ఎవరి గురించి చెబుతున్నారో వాళ్లకు తెలియకుండా వెళుతుంది. సాక్ష్యం చెప్పేవాడికి కావలసింది చిక్కులో పడినవాణ్ణి బయటికి లాగడం; అది ముఖాముఖి చెప్పవచ్చు, ముందుగా హెచ్చరించి చెప్పవచ్చు, తన పొరపాటును కూడా కలుపుకుని చెప్పవచ్చు. నువ్వు చేయబోయే పని ఈ రెండింటిలో ఏదో తేల్చుకోవడానికి ఒక్క చిన్న పరీక్ష చాలు. టీచర్‌తో చెప్పబోయే ప్రతి మాటనూ ముందు నీ స్నేహితురాలి ఎదుట చెప్పగలవా? చెప్పగలిగితే అది చాడీ కాదు.

ఒట్టు వేశాను కదా అంటావు. ఆ ఒట్టు వేసినప్పుడు మీ ఇద్దరికీ తెలిసిన సంగతి ఒక లెన్సు గీసుకుపోయిందనే. మూడో మనిషి నెత్తిన నింద పడుతుందని అప్పుడు మీకు తెలియదు. తెలిసి ఉంటే తను అడిగేది కాదని, నువ్వు వేసేదానివి కాదని నేను నమ్ముతున్నాను. మీ ఇద్దరి మధ్య వేసుకున్న ఒట్టుతో మరొకరి పరువును తాకట్టు పెట్టే అధికారం మీ ఇద్దరిలో ఎవరికీ లేదు. ఈ మాట తనకు చెప్పి, ఆ ఒట్టు నుంచి నిన్ను విడిపించమని తననే అడుగు.

నీ స్నేహితురాలు చేసిన రెండు పనులను విడివిడిగా చూడమని కూడా కోరుతున్నాను. లెన్సు పాడవడం ప్రమాదం. పెద్ద మరకూ చిన్న మరకూ తేడా తెలియక కొత్తవాళ్లు చేసే పొరపాట్లలో అది ఒకటి, ఏ ల్యాబ్‌లోనైనా జరుగుతుంది, దానికి సిగ్గుపడవలసింది ఏమీ లేదు. తప్పు మొదలైంది కవరు తొడిగినప్పుడు. అంతమాత్రాన తను అబద్ధాలకోరు అయిపోదు. హ్యూ హార్ట్‌షోర్న్, మార్క్ మే అనే పరిశోధకులు వేల మంది పిల్లలను పరీక్షించి 1928లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది ఏమిటంటే, పిల్లలు నిజాయితీపరులు, మోసగాళ్లు అని రెండు జట్లుగా విడిపోరు. ఒక సందర్భంలో తప్పుదారి పట్టినవాళ్లే మరో సందర్భంలో నిక్కచ్చిగా ఉంటారు. భయపడిన ఆ రెండు నిమిషాల్లో నీ స్నేహితురాలు ఒక పని చేసింది. రేపు మరో పని చేయగలదు. నువ్వు తనకు చేయగలిగిన సహాయం ఆ రెండో పని కాస్త సులువయ్యేలా చూడటమే.

ఎలా మాట్లాడాలో అడగలేదు కానీ చెబుతాను, ఎందుకంటే ఇలాంటి సంభాషణలు చాలావరకు మొదటి వాక్యంలోనే చెడిపోతాయి. ఫోనులో సందేశాలు పంపవద్దు. ఇద్దరే ఉన్నప్పుడు, నడుస్తూనో కూర్చునో, ఎదురెదురుగా మాట్లాడు. ‘నువ్వు చెప్పకపోతే నేను చెప్పేస్తాను’ అన్న మాటతో మొదలుపెడితే అది బెదిరింపు అవుతుంది, అక్కడి నుంచి తను వినడం మానేస్తుంది. ఆ అబ్బాయితో మొదలుపెట్టు. ‘మనం ఊరుకోవడం వల్ల అతను దొంగలా చూడబడుతున్నాడు, నాకు రాత్రి నిద్ర పట్టడం లేదు, నేనూ చూసి ఊరుకున్నాను కాబట్టి నాదీ తప్పే, మనిద్దరం కలిసి టీచర్ దగ్గరికి వెళదాం’ అను. ఇందులో కలిసి అన్న మాట చాలా ముఖ్యం. తను ఒంటరిగా బోనులో నిలబడటం లేదని తెలియాలి. తను ఏడ్చినా, కోప్పడినా ఓర్చుకో. ఆలోచించుకోవడానికి ఒక రోజు అడిగితే ఇవ్వు. వారం అడిగితే మాత్రం ఇవ్వవద్దు, ఎందుకంటే ఆ వారం నీది కాదు, ఆ అబ్బాయిది.

తను ఎంతకీ ఒప్పుకోకపోతే నువ్వు ఒక్కదానివే వెళ్లు, వెళుతున్నానని తనకు చెప్పి మరీ వెళ్లు. టీచర్‌తో మొదట చెప్పవలసింది స్నేహితురాలి పేరు కాదు. ‘ఆ పని చేసింది అందరూ అనుకుంటున్న అబ్బాయి కాదు, నేను పక్కనే ఉండి చూశాను, ఇన్ని రోజులు చెప్పనందుకు క్షమించండి’ అని చెప్పు. మరి ఎవరని ఆమె అడుగుతారు. ఆ మాట చేసినవాళ్ల నోటి నుంచే వస్తే బాగుంటుందని, ఫలానా రోజు వరకు ఆగమని మర్యాదగా అడగవచ్చు. అర్థం చేసుకునే టీచర్ ఆగుతారు. ఆగకుండా సూటిగా అడిగితే మాత్రం అబద్ధం చెప్పవద్దు. ఒక అబద్ధాన్ని కడగడానికి వెళ్లి మరో అబద్ధంతో తిరిగి రావడం ఎందుకు?

ఆ అబ్బాయి విషయంలో ఇంకొక మాట ఉంది. ఇది నా అనుభవం నుంచి చెబుతున్నాను. నేను పాఠాలు చెప్పే రోజుల్లో ఒక విద్యార్థి వ్యాసం చూసి, ఇది నువ్వు సొంతంగా రాసింది కాదని క్లాసు మధ్యలో అనేశాను. రెండు రోజుల తరువాత అతని చిత్తు పుస్తకం చూశాను. కొట్టివేతలతో, బాణం గుర్తులతో, పక్కన ఇరికించి రాసిన వాక్యాలతో ఆ వ్యాసం మొత్తం అందులో ఉంది. అతన్ని ఒంటరిగా స్టాఫ్ రూముకి పిలిచి పొరపాటు నాదేనని ఒప్పుకున్నాను. అతను తల ఊపి, ‘పరవాలేదు సార్’ అని వెళ్లిపోయాడు. ఆ సంవత్సరం మిగిలిన రోజుల్లో అతను నా క్లాసులో చెయ్యి ఎత్తలేదు. ఎందుకో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. నేను నింద వేసింది నలభై మంది ఎదుట, వెనక్కి తీసుకున్నది నాలుగు గోడల మధ్య. మిగిలిన ముప్ఫై తొమ్మిది మందికి అతను ఇంకా దొంగ వ్యాసం రాసినవాడే. మీ క్లాసు ఆ పొరపాటు చేయకూడదు. అనుమానపడిన గదిలోనే, అనుమానపడినవాళ్లందరూ ఉండగానే, క్లాస్ లీడర్‌గా నువ్వు లేచి ‘ఇది అతను చేయలేదు, మనం అన్యాయంగా అనుకున్నాం’ అని చెప్పాలి. తరువాత అతనితో విడిగా కూడా మాట్లాడు, కానీ విడిగా మాట్లాడటం ఒక్కటే చాలదు.

రెండో ప్రశ్నకు నా జవాబు చిన్నదే. న్యాయం కాదు. తాను స్వయంగా చేయని నేరానికి ఎవరినీ శిక్షించకూడదని 1949 నాటి నాలుగో జెనీవా ఒప్పందంలోని 33వ అధికరణం చెబుతుంది. అది యుద్ధకాలంలో పౌరుల కోసం రాసుకున్న నియమం, మీ సైన్సు టీచర్ ఏ సైన్యానికీ అధిపతి కారు, కాబట్టి ఆ అధికరణాన్ని ఆమె ముందు చదవవద్దు! శత్రువుల విషయంలో కూడా తగదని దేశాలు ఒప్పుకున్న పద్ధతి విద్యార్థుల విషయంలో తగుతుందా అన్నది మాత్రం పెద్దలందరూ ఆలోచించవలసినదే. దానివల్ల జరిగే నష్టం మీ క్లాసులోనే కనిపిస్తోంది. మార్కులు పోతున్నాయన్న కోపంలో క్లాసుకు నిజం అక్కర్లేకుండా పోయింది, ఎవరో ఒకరు దొరికితే చాలనిపించింది, అప్పుడు అందరికన్నా తక్కువ బలం ఉన్నవాడు దొరికాడు. ఈ సంగతి టీచర్‌తో చెప్పే హక్కు లీడర్‌గా నీకు ఉంది. అయితే నిజం బయటపడిన తరువాత చెప్పు. ముందే చెబితే అది శిక్ష తప్పించుకునే బేరంలా వినిపిస్తుంది.

కానీ అందరినీ శిక్షించడం అన్యాయమైనంత మాత్రాన అందరికీ బాధ్యత లేదని అర్థం కాదు. 1974లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, కేంబ్రిడ్జ్ నగరంలో ఒక హైస్కూలు లోపల క్లస్టర్ స్కూల్ అనే చిన్న బడి మొదలైంది. నైతిక వికాసం మీద పరిశోధన చేసిన లారెన్స్ కోల్‌బర్గ్ దానికి సలహాదారు. అక్కడ నియమాలు చేసే సమావేశంలో ఉపాధ్యాయుడికి ఒక ఓటు, విద్యార్థికి ఒక ఓటు. రెండో ఏడాది ఒక అమ్మాయి పర్సులో నుంచి తొమ్మిది డాలర్లు పోయాయి. ఎవరూ ఒప్పుకోలేదు. సమావేశంలో కొందరు విద్యార్థులు తలా 15 సెంట్లు వేసుకుని ఆ అమ్మాయికి డబ్బు తిరిగి ఇద్దామని ప్రతిపాదించారు. ఆమె డబ్బు పోవడానికి కారణం మన బడి మీద మనకే పట్టింపు లేకపోవడమని, కాబట్టి ఆ తప్పులో అందరికీ భాగం ఉందని వాళ్ల వాదన. తలా పాపం తిలా పిడికెడు అని మనం వెటకారంగా అనే మాటను ఆ పిల్లలు నిజంగానే తలకెత్తుకున్నారు. చేతి నుంచి పోయింది మాత్రమే చూస్తే ఇదీ మీ ఐదు మార్కుల కోతా ఒకటేలా ఉంటాయి. చేయనివాళ్లు కూడా చెల్లించారు. తేడా ఎక్కడుందంటే, మీ మార్కులు పైనుంచి ఎవరో కోశారు, వాళ్ల 15 సెంట్లు వాళ్లే జేబులో నుంచి తీసి ఇచ్చారు. మొదటి దానివల్ల ఒకరి మీద ఒకరికి అనుమానం పెరిగింది, రెండో దానివల్ల నష్టపోయిన మనిషి అందరి కళ్లకూ కనిపించింది. మీ స్నేహితురాలు ఒప్పుకున్న తరువాత, ఆ లెన్సు బాగు చేయించే ఖర్చంతా తన ఒక్కదాని ఇంటి మీద పడకుండా క్లాసంతా తలా కొంత వేసుకుందామని నువ్వు ప్రతిపాదించవచ్చు. అందరూ ఒప్పుకోకపోవచ్చు, ఒప్పుకోనివాళ్లను బలవంతం చేయకూడదు కూడా. పెద్ద మర, చిన్న మర తేడాను ప్రతి బల్ల మీదా ఒక చీటీగా అతికించే పని మీ ఇద్దరూ చేయవచ్చు, దానికి ఎవరి అనుమతీ పెద్దగా అక్కర్లేదు.

చివరికి గోడ మీది నాలుగు మాటలు. అవి మీవా, పెద్దవాళ్లవా అని అడిగావు. రాసింది పెద్దవాళ్లే అయి ఉంటుంది. రంగు డబ్బా ఎవరు కొన్నారన్నది నాకు పెద్ద విషయంగా అనిపించదు, ఆ మాటలు పెద్దవాళ్లకు కూడా వర్తిస్తాయా అన్నదే అసలు విషయం. పోలండ్ దేశపు వైద్యుడు యానుష్ కోర్చాక్ వార్సాలో 1912లో మొదలైన అనాథాశ్రమాన్ని నడిపాడు. అక్కడ పిల్లలే న్యాయమూర్తులుగా ఉండే ఒక న్యాయస్థానం ఉండేది. దాని నియమావళిలో మొదటి 99 అధికరణాలూ నేరారోపణను కొట్టివేయడానికో క్షమించడానికో ఉద్దేశించినవే. ఆరు నెలల్లో కోర్చాక్ అయిదుసార్లు తన మీద తానే ఆ పిల్లల ముందు ఫిర్యాదు పెట్టుకున్నాడు. అందులో ఒకటి, ఒక అమ్మాయిని దొంగతనం చేసిందని అన్యాయంగా అనుమానించినందుకు. అలాంటి చోట నియమం పెద్దలదా పిల్లలదా అని ఎవరూ అడగవలసిన అవసరం రాదు. మీ బడిలో పరిస్థితి అలా లేకపోవచ్చు, పెద్దలు ముందు మారే దాకా మేము ఆగుతామనే వీలు కూడా నీకు ఇప్పుడు లేదు, ఎందుకంటే ఆ అబ్బాయి ఆగలేడు. ఇంకో సంగతి, నిజాయితీకీ కరుణకూ మధ్య నలిగిపోతున్నానని రాశావు. కరుణను స్నేహితురాలి ఒక్కదానికే కేటాయించినంత కాలం అవి రెండూ కొట్టుకుంటూనే ఉంటాయి. వెనక బెంచీ దాకా దాన్ని పోనిచ్చి చూడు, రెండూ ఒకే పని చెబుతాయి.

ఒక హెచ్చరిక చేయాలి. పైన చెప్పిన ఓపిక, గడువు, ముందుగా మాట్లాడటం, ఇవన్నీ వస్తువు పాడైన సందర్భానికి సరిపోతాయి. ఎవరినైనా కొడుతున్నారని, వేధిస్తున్నారని, ఎవరైనా తమకు తాము హాని చేసుకునే ఆలోచనలో ఉన్నారని తెలిస్తే, గడువులూ ఒట్లూ ఏవీ చూడకుండా అదే గంటలో నమ్మకమైన పెద్దవాళ్లకు చెప్పాలి.

పేరు వేయవద్దన్నావు, వేయలేదు. నిన్ను గుర్తుపట్టేలా చేసే వివరాలు కూడా కొన్ని తీసేశాను. అయినా మీ క్లాసువాళ్లు ఎవరైనా ఇది చదివితే పోల్చుకోవచ్చు, కాబట్టి ఇది నీ చేతికి అందిన సాయంత్రమే నీ స్నేహితురాలిని కలువు. తను ఈ సంగతి ఇక్కడ చదివి తెలుసుకోకూడదు, నీ నోటి నుంచి వినాలి. మాట్లాడిన తరువాత, తను అడిగితే, ఈ ఉత్తరం తనకు చూపించు. తన గురించి నేను ఏం రాశానో తను చదువుకోవడానికి నాకు అభ్యంతరం లేదు.